వేడిని ఇష్టపడే నేల బ్యాక్టీరియా: ఎంజైములు దొరుకుతాయి, యాంటీబయాటిక్స్‌ను వెతికే పద్ధతి మార్చాలి

మీరు అడిగింది ఇదీ: ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చివరి సంవత్సరం ప్రాజెక్టు. వేడి నేలల్లోంచి థర్మోఫిలిక్, అంటే వేడిని ఇష్టపడే, బ్యాక్టీరియాను వేరు చేసి, వాటిలో పనికొచ్చే ఎంజైములు, రోగక్రిముల్ని చంపే పదార్థాలు రెండూ వెతకాలి. ఆరు నెలల్లో అవుతుందా, మట్టి ఎక్కడ తీసుకోవాలి, కొత్త యాంటీబయాటిక్ దొరుకుతుందా అని.

ఎంజైముల వరకు అవుతుంది. సరిగ్గా చేస్తే ఖాళీ చేతులతో తిరిగి రావడం దాదాపు ఉండదు. యాంటీబయాటిక్ సంగతి వేరు. అక్కడ చాలా ప్రాజెక్టులు దెబ్బతినడానికి కారణం బ్యాక్టీరియా కాదు. 55 డిగ్రీల దగ్గర బతికే జీవిని 37 డిగ్రీల కోసం తయారైన పద్ధతులతో పరీక్షించడమే కారణం. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు తేలికవుతాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మట్టి. థర్మోఫైల్ అనగానే అందరికీ వేడినీటి బుగ్గలు గుర్తొస్తాయి. దానికి కారణం ఉంది. థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కు వేడి బుగ్గల్లోంచి థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను వేరు చేసి 1969లో ప్రకటించారు. దాని డి.ఎన్.ఎ. పాలిమరేజ్, అంటే టాక్, 1980ల చివర్లో పి.సి.ఆర్.లోకి, అంటే డి.ఎన్.ఎ.కు లెక్కలేనన్ని ప్రతులు తీసే పద్ధతిలోకి, రావడంతో ఆ పద్ధతి ప్రతి ల్యాబ్‌కీ చేరింది. మన దగ్గర కూడా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో భూమిలోంచి వేడినీళ్ళు వస్తాయి. వెళ్ళగలిగితే వెళ్ళండి. కానీ మీ ప్రాజెక్టుకు అంత దూరం వెళ్ళాల్సిన అవసరం లేదు.

ఎందుకంటే జియోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా మామూలు నేలల్లోనే, చల్లటి దేశాల నేలల్లో కూడా, పుష్కలంగా దొరుకుతుంది. అక్కడి నేల ఎప్పుడూ 50 డిగ్రీలు దాటదు, అయినా 60 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే బ్యాక్టీరియా ఆ మట్టిలో ఉంటుంది. పరిశోధకులను చాలాకాలం ఆలోచింపజేసిన వైరుధ్యమిది. దీనికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ స్పోర్లు, అంటే కష్టకాలంలో బ్యాక్టీరియా కట్టే గట్టి విత్తనాల్లాంటి రూపాలు. కుళ్ళి వేడెక్కిన ఆకుల కుప్పలో, ఎండకు మాడిన పై పొరలో ఈ బ్యాక్టీరియా కొద్దికాలం విపరీతంగా పెరిగి స్పోర్లు కడుతుంది. ఆ స్పోర్లు ఏళ్ళ తరబడి చావవు. గాలికి లేచి ఎక్కడెక్కడో పడతాయి. జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్‌ను 1920లో మొదటిసారి వర్ణించింది వేడి బుగ్గలోంచి కాదు, పాడైపోయిన మొక్కజొన్న డబ్బాలోంచి. డబ్బా ఉబ్బదు, లోపల సరుకు మాత్రం పుల్లబడిపోతుంది. మీ ల్యాబ్‌లో ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి వాడే స్పోర్ స్ట్రిప్ మీద ఉండేది కూడా ఈ బ్యాక్టీరియానే.

కాబట్టి నా సలహా పెంటకుప్ప, కంపోస్టు. బాగా పనిచేస్తున్న కంపోస్టు కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీలు ఉంటుంది, ఆ వేడి రోజుల తరబడి నిలుస్తుంది. చక్కెర ఫ్యాక్టరీ పక్కన పోసిన చెరకు పిప్పి, తడిసి వేడెక్కిన గడ్డివాము కూడా మంచివే. పొడవాటి థర్మామీటరు పట్టుకెళ్ళండి. కుప్పలో వేడి ఎక్కువున్న లోతు చూసి అక్కడి నుంచే నమూనా తీయండి. ఉష్ణోగ్రత, లోతు, పి.హెచ్., కుప్ప వయసు అక్కడికక్కడే రాసుకోండి. పోలిక కోసం ఎర్రటి ఎండలో ఉన్న నల్లరేగడి పైమట్టి ఒక నమూనా చాలు.

మాస్కు తప్పనిసరి. మామూలు గుడ్డ మాస్కు కాదు, ఎన్95. వేడెక్కిన గడ్డిలో, పిప్పిలో పెరిగే థర్మోఫిలిక్ యాక్టినోమైసిట్ల (బూజులా పోగులుగా పెరిగే బ్యాక్టీరియా) స్పోర్లు ఊపిరితిత్తుల్లోకి పోతే కొందరికి తీవ్రమైన అలర్జీ జబ్బు వస్తుంది. బూజు గడ్డితో పనిచేసేవాళ్ళకు వచ్చేదాన్ని ఫార్మర్స్ లంగ్ అంటారు, చెరకు పిప్పితో వచ్చేదాన్ని బగాసోసిస్ అంటారు. మళ్ళీ మళ్ళీ పీలిస్తే ఊపిరితిత్తులకు శాశ్వత నష్టం జరగొచ్చు. కుప్పను తవ్వేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ఎండిన నమూనాను బల్ల మీద దులపకండి.

వేరుచేయడంలో ఒక నిర్ణయం మొదటిరోజే తీసుకోవాలి. మట్టి ద్రావణాన్ని 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి ప్లేటు చేయమని (మీడియం మీద పరిచి పెంచమని) చాలా ప్రోటోకాల్స్ చెబుతాయి. అలా చేస్తే బాసిల్లస్, జియోబాసిల్లస్ స్పోర్లు మిగులుతాయి, మిగతావి చాలావరకు పోతాయి. ఎంజైములకు అది చాలు. కానీ యాంటీబయాటిక్ కూడా కావాలంటే యాక్టినోమైసిట్లు కావాలి. వాటిలో ముఖ్యమైన స్ట్రెప్టోమైసిస్ స్పోర్లు ఆ తడి వేడికి తట్టుకోవు. అందుకని నమూనాను రెండు భాగాలు చేయండి. ఒకటి పైన చెప్పినట్టు. రెండోదాన్ని నీడలో ఆరబెట్టి, పొడి వేడి మాత్రమే ఇచ్చి, యాక్టినోమైసిట్ మీడియం మీద వేయండి. థర్మోయాక్టినోమైసిస్ మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉంటే మీడియంలో మిల్లీలీటరుకు 25 మైక్రోగ్రాముల నోవోబయోసిన్ కలిపితే మిగతావి అణిగిపోయి అవి బయటపడతాయి.

55 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ప్లేట్లు ఒకటి రెండు రోజుల్లో అప్పడాల్లా ఎండిపోతాయి. మీడియంను గట్టిపరిచే అగర్ 2 నుంచి 2.5 శాతం వేయండి, ప్లేటు మందంగా పోయండి, లోపల నీళ్ళ ట్రే పెట్టండి, ప్లేట్లను ప్లాస్టిక్ సంచిలో మూట కట్టండి. 65 దాటితే అగర్ బదులు జెల్లాన్ గమ్ మేలు. థర్మస్ రకాలు కావాలనుకుంటే పోషకాలు బాగా తక్కువున్న మీడియం వాడాలి. మామూలు న్యూట్రియెంట్ అగర్ వాటికి ఎక్కువైపోయి పెరుగుదల ఆగిపోతుంది. ద్రవ మీడియంలో ఇంకో ఇబ్బంది ఆక్సిజన్. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 60 డిగ్రీల దగ్గర, 30 డిగ్రీలతో పోలిస్తే సుమారు మూడోవంతు తక్కువ. ఫ్లాస్కులో ఐదోవంతుకు మించి మీడియం పోయకుండా బాగా షేక్ చేయండి. పెరగడం లేదని పారేసిన కల్చర్లలో కొన్నింటికి అవసరమైంది గాలి మాత్రమే.

ఇక ఎంజైములు. అమైలేజ్‌కు స్టార్చ్ ప్లేటు మీద అయోడిన్, ప్రోటియేజ్‌కు పాలపొడి ప్లేటు, లైపేజ్‌కు ట్రైబ్యూటిరిన్ అనే కొవ్వు, సెల్యులేజ్‌కు సి.ఎం.సి. (ఒక రకం సెల్యులోజ్) మీద కాంగో రెడ్ రంగు. ఇవి మీకు తెలిసినవే. ఏ ఎంజైము వెనక పడాలన్నదే అసలు ప్రశ్న. నేనైతే పరిశ్రమలో వేడి ఎందుకు తప్పదో చూసి ఎంచుకుంటాను. మొక్కజొన్న పిండి నుంచి గ్లూకోజ్ సిరప్ చేసేటప్పుడు పిండిని 105 డిగ్రీల దాకా వేడి చేయకపోతే స్టార్చ్ రేణువులు పగలవు. అక్కడ పనిచేసే ఆల్ఫా అమైలేజ్ బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటి వాటి నుంచి వచ్చింది. ఆ బ్యాక్టీరియా స్వయంగా పెరిగేది మహా అయితే 50, 55 డిగ్రీల దగ్గర, కానీ దాని ఎంజైము 90 దాటినా పనిచేస్తుంది. అంటే బ్యాక్టీరియా పెరిగే ఉష్ణోగ్రత చూసి ఎంజైము హద్దును అంచనా వేయకూడదు. కోళ్ళ దాణాలో కలిపే ఫైటేజ్ (గింజల్లోని ఫాస్ఫరస్‌ను విడిపించే ఎంజైము) ఇంకో మంచి లక్ష్యం. దాణాను పెల్లెట్లుగా నొక్కేటప్పుడు 70, 80 డిగ్రీల ఆవిరి తగులుతుంది, మామూలు ఫైటేజ్ అక్కడే చచ్చిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో కోళ్ళ పరిశ్రమ ఎంత పెద్దదో మీకు తెలుసు. ఈ విషయం మీద ప్రాజెక్టు చేస్తే తర్వాత ఉద్యోగ ఇంటర్వ్యూలో కూడా మాట్లాడటానికి సరుకుంటుంది.

ఈ మధ్య నన్ను బాగా కదిలించినది ప్లాస్టిక్ ఎంజైము. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు ఆకుల కంపోస్టులోంచి నేరుగా డి.ఎన్.ఎ. తీసి, ఏ బ్యాక్టీరియానూ పెంచకుండానే, ఒక క్యూటినేజ్ జన్యువును పట్టుకున్నారు. ఆకుల మీది మైనపు పొరను కరిగించే ఎంజైము అది. 2020లో ఫ్రాన్స్‌లో కార్బియోస్ సంస్థ, తులూజ్ పరిశోధకులు కలిసి దాన్ని మార్చి, నీళ్ళ సీసాల ప్లాస్టిక్ అయిన పెట్‌ను 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో 90 శాతం దాకా దాని మూల పదార్థాలుగా విడగొట్టారు. 72 డిగ్రీలే ఎందుకంటే, ఇంచుమించు ఆ వేడి దగ్గర పెట్ గొలుసులు సడలి కదలడం మొదలుపెడతాయి, ఎంజైముకు పట్టు దొరుకుతుంది. చల్లటి ఎంజైము ఎంత చురుకైనదైనా ఆ పని అంత వేగంగా చేయలేదు. కుళ్ళిన ఆకుల కుప్పలోంచి వచ్చిన వస్తువు ఇది. మీరు తవ్వబోయే కుప్ప కూడా అలాంటిదే.

కొలతల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. థీసిస్‌లు చూసేటప్పుడు నేను ముందు వెతికేది బఫర్, అంటే పి.హెచ్.ను నిలకడగా ఉంచే ద్రావణం. ట్రిస్ బఫర్ పి.హెచ్. ప్రతి డిగ్రీకి సుమారు 0.028 తగ్గుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర 8.0కు సరిచేసిన ట్రిస్, 60 డిగ్రీల దగ్గర దాదాపు 7.0 అయిపోతుంది. అప్పుడు మీరు గీసిన ఉష్ణోగ్రత గ్రాఫ్ నిజానికి ఉష్ణోగ్రతదీ పి.హెచ్.దీ కలిపిన గ్రాఫ్. ఫాస్ఫేట్ వాడితే పి.హెచ్. అంతగా మారదు, కానీ అది కాల్షియాన్ని పట్టేసి అవక్షేపంగా దింపేస్తుంది. చాలా అమైలేజ్‌లకు, థర్మోలైసిన్ అనే ప్రోటియేజ్‌కు వేడిలో నిలబడటానికి కాల్షియం కావాలి. కాబట్టి ఏ బఫర్ వాడినా పని జరిగే ఉష్ణోగ్రత దగ్గరే పి.హెచ్. సరిచేయండి.

రెండోది, ఆప్టిమమ్ ఉష్ణోగ్రత అనే మాట. పది నిమిషాల రియాక్షన్‌లో 80 దగ్గర ఎక్కువ పనిచేసిన ఎంజైము అరగంటలో చచ్చిపోవచ్చు. పరిశ్రమకు కావాల్సింది హాఫ్ లైఫ్, అంటే ఎంజైము పనితనం సగానికి పడిపోవడానికి పట్టే సమయం. ఎంజైమును ఒక్కదాన్నే 60, 70, 80 దగ్గర ఉంచి, మధ్య మధ్య కొంచెం తీసి, ఐసులో పెట్టి, మిగిలిన పనితనం కొలవండి. మీ డిపార్ట్‌మెంట్‌లో గ్రేడియెంట్ ఉన్న పి.సి.ఆర్. మెషిన్ ఉంటే అది మీకు వరం. ఒకే రన్‌లో పన్నెండు ఉష్ణోగ్రతలు చూడొచ్చు, మూత కూడా వేడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు ఆవిరైపోవు. లైపేజ్‌కు వాడే నైట్రోఫినైల్ ఎస్టర్లు వేడికి వాటంతటవే విరిగి పసుపు రంగు ఇస్తాయి. ప్రతి ఉష్ణోగ్రతకూ విడిగా బ్లాంక్ (ఎంజైము లేని ట్యూబు) పెట్టకపోతే 75 డిగ్రీల దగ్గర అద్భుతమైన లైపేజ్ దొరికినట్టే కనిపిస్తుంది.

జన్యువును క్లోన్ చేసే వీలుంటే ఈ జాతి ఎంజైములతో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ల్యాబ్‌లో మామూలుగా వాడే ఇ.కొలై బ్యాక్టీరియాలో తయారుచేయించి, కణాలు పగలగొట్టి, ఆ ద్రావణాన్ని 70 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచండి. ఇ.కొలై ప్రోటీన్లు చాలావరకు గడ్డకట్టి అడుగుకు చేరతాయి, మీ ఎంజైము పైన ద్రావణంలో ఉండిపోతుంది. ఖరీదైన కాలమ్ లేకుండానే సగం శుద్ధి అయిపోతుంది.

ఇప్పుడు యాంటీబయాటిక్స్. నేల బ్యాక్టీరియాకు ఈ రంగంలో ఉన్న చరిత్ర మీకు తెలిసిందే. 1939లో రెనే డ్యుబో నేలలోని ఒక బాసిల్లస్ నుంచి టైరోత్రైసిన్ తీశారు, గ్రామిసిడిన్ అందులోదే. ఆ తర్వాత స్ట్రెప్టోమైసిస్ యుగం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్లకు అదే మొదలు. ఇవేవీ థర్మోఫైల్స్ కావు. నిజమైన థర్మోఫైల్స్ నుంచి వచ్చిన యాంటీబయాటిక్స్ చాలా తక్కువ. థర్మోయాక్టినోమైసిస్ నుంచి 1964లో ప్రకటించిన థర్మోరూబిన్, స్ట్రెప్టోమైసిస్ థర్మోవయోలేసియస్ చేసే గ్రానటిసిన్ లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వేడి పెరిగేకొద్దీ జీనోములు చిన్నవవుతుంటాయి. స్ట్రెప్టోమైసిస్ జీనోములో 80 లక్షల బేస్ జతలు, జియోబాసిల్లస్‌లో దాదాపు 35 లక్షలు, థర్మస్‌లో 20 లక్షల చిల్లర. యాంటీబయాటిక్ తయారుచేసే పొడవాటి జన్యు సమూహాలకు అక్కడ చోటు తక్కువ. అందుకే యాంటీబయాటిక్ కోసమైతే 70 డిగ్రీల థర్మస్ వెంట పడొద్దు. 45 నుంచి 55 మధ్య పెరిగే కంపోస్టు యాక్టినోమైసిట్లను పట్టుకోండి.

జియోబాసిల్లస్‌లో ఉన్నది వేరే ఆయుధం: చిన్న పెప్టైడ్లు, అంటే బాక్టీరియోసిన్లు. చైనాలో చమురు నిక్షేపం నుంచి వేరుచేసిన జియోబాసిల్లస్ థర్మోడీనైట్రిఫికాన్స్‌లో 2012లో జియోబాసిలిన్ అనే లాంటిబయోటిక్ (గంధకంతో ముడిపడ్డ వలయాలుండే బాక్టీరియోసిన్) దొరికింది. ఆహారం చెడిపోకుండా దశాబ్దాలుగా వాడుతున్న నైసిన్‌కు ఇది దగ్గరి బంధువు. నైసిన్‌లో ఐదు థయోఈథర్ వలయాలుంటే దీనిలో ఏడు. మామూలు పి.హెచ్. దగ్గర నైసిన్ కంటే ఎక్కువ నిలకడగా ఉంటుంది.

బాక్టీరియోసిన్లు ఎక్కువగా చంపేది దగ్గరి చుట్టాలను. విద్యార్థులు దాదాపు ఎప్పుడూ పరీక్షించేది ఇ.కొలై, స్టాఫిలోకాకస్, క్యాండిడా మీద, అదీ 37 డిగ్రీల దగ్గర. కంపోస్టు కుప్పలో 60 డిగ్రీల దగ్గర బతికే బ్యాక్టీరియాకు ఇ.కొలైతో పోటీ ఏముంటుంది? దాని శత్రువులు పక్కనే ఉన్న ఇతర థర్మోఫైల్స్. కాబట్టి మీరు వేరుచేసిన వాటినే ఒకదాని మీద ఒకటి 55 డిగ్రీల దగ్గర పరీక్షించండి. ఆటోక్లేవ్ స్ట్రిప్‌లోని స్టియరోథర్మోఫిలస్‌ను కూడా ఇండికేటర్‌గా, అంటే చస్తుందో లేదో చూసే బ్యాక్టీరియాగా, పెట్టండి. డబ్బా ఆహారాన్ని పుల్లబెట్టే ఆ బ్యాక్టీరియాను ఆపే పెప్టైడ్ దొరికితే అదే ఒక మంచి ఫలితం. ఆసుపత్రి క్రిముల మీద పరీక్ష తర్వాత చేయొచ్చు. అప్పుడు కల్చర్‌ను 50, 55 దగ్గర పెంచి, వడపోసి, ఆ ద్రవాన్ని 37 దగ్గర వాడాలి.

జోన్ (ప్లేటు మీద క్రిములు పెరగని ఖాళీ వలయం) వచ్చినంత మాత్రాన యాంటీబయాటిక్ అనుకోవద్దు. ఆ ద్రవంలో ఆమ్లం ఉండొచ్చు, పి.హెచ్. 7కు తెచ్చి మళ్ళీ చూడండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉండొచ్చు, కాటలేజ్ కలిపి చూడండి. బ్యాక్టీరియా పెంచని ఖాళీ మీడియంను అదే విధంగా తీసి పక్కన పెట్టండి, ఒట్టి ఇథైల్ అసిటేట్ లేదా మిథనాల్ వేసిన డిస్క్ కూడా ఉండాలి. ఇక్కడే థర్మోఫైల్స్‌కు మాత్రమే ఉన్న ఒక ఉచ్చు ఉంది. మామూలుగా ద్రవాన్ని 80 డిగ్రీల దగ్గర వేడి చేసినా జోన్ పోకపోతే, ఇది ఎంజైము కాదు, చిన్న అణువు అని రాసేస్తారు. థర్మోఫైల్ విషయంలో ఆ తర్కం చెల్లదు. కణగోడను తినే దాని ఎంజైము, దాని ప్రోటియేజ్ ఆ వేడికి చెక్కుచెదరవు. కాబట్టి 10 కిలోడాల్టన్ల ఫిల్టర్ గుండా పంపి, చంపే గుణం కింద దిగిన దానిలో ఉందా, పైన మిగిలిన దానిలో ఉందా చూడండి. కింద ఉంటే ప్రోటీనేజ్ కె కలిపి పెప్టైడా కాదా తేల్చండి. ఈ రెండు పరీక్షలకు ఖర్చు తక్కువ, థీసిస్‌కు ఇవి తెచ్చే బలం చాలా ఎక్కువ.

యాంటీబయాటిక్ తయారుచేయకపోయినా ఈ జీవులు యాంటీబయాటిక్ పరిశోధనకు చేసిన మేలు ఒకటి చెప్పకుండా ఉండలేను. అదా యోనాథ్ 1980లో మొదటిసారి రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) పెద్ద భాగాన్ని స్ఫటికాలుగా పెంచింది బాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ నుంచి, పైన చెప్పిన జియోబాసిల్లస్‌కు పాత పేరది. వెంకీ రామకృష్ణన్ 2000లో చిన్న భాగపు నిర్మాణాన్ని విప్పింది థర్మస్ థర్మోఫిలస్ నుంచి. వేడిని తట్టుకునే రైబోజోములు గట్టివి కాబట్టే స్ఫటికాలు కుదిరాయి. ఎన్నో యాంటీబయాటిక్స్ రైబోజోమ్ మీద ఎక్కడ కూర్చుంటాయో మనం చూడగలగడంలో వాటి పాత్ర పెద్దది. 2009 నోబెల్ ఈ పనికే వచ్చింది.

డబ్బు కొంచెం ఉంటే మీ దగ్గరున్న మంచి ఐసొలేట్ (వేరుచేసిన బ్యాక్టీరియా) ఒక్కదాని జీనోము చదివించి, యాంటీస్మాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. అది ఉచితం. ఏ జన్యు సమూహాలు ఉన్నాయో, అవి తెలిసినవాటికి ఎంత దగ్గరో గంటల్లో చెబుతుంది. ఆ తర్వాతే మాస్ స్పెక్ట్రోమెట్రీకి వెళ్ళండి. ఎప్పుడో తెలిసిన అణువును మళ్ళీ కనిపెట్టే శ్రమ తప్పుతుంది. బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యు సీక్వెన్స్ ఒక్కటే చూసి జాతి పేరు ఖాయం చేయొద్దు, జియోబాసిల్లస్ జాతులు 16ఎస్‌లో దాదాపు ఒకేలా ఉంటాయి.

చట్టం గురించి ఒక మాట. ఎల్లోస్టోన్ బ్యాక్టీరియా నుంచి వచ్చిన టాక్‌తో నడిచే పి.సి.ఆర్. హక్కులను 1991లో రోష్ సంస్థ 30 కోట్ల డాలర్లకు కొన్నది. పార్కుకు అందులో ఏమీ రాలేదు. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం వచ్చింది సరిగ్గా ఇలాంటివి జరగకూడదనే. మీరు భారతీయులు, ఇక్కడి యూనివర్సిటీలో చదువుకుంటున్నారు కాబట్టి మట్టి తీసి చదవడానికి పెద్దగా ఇబ్బంది ఉండదు. కానీ కల్చర్‌ను విదేశీ ల్యాబ్‌కు పంపాలన్నా, పేటెంట్ వేయాలన్నా ముందు మీ గైడ్ ద్వారా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ నియమాలు కనుక్కోండి. విదేశంలో ఉన్న స్నేహితులకు ఒక ట్యూబు పోస్టులో పంపేస్తే సరిపోతుందని అనుకోవద్దు.

కల్చర్లను ఫ్రిజ్‌లో ప్లేట్ల మీద వదిలేయకండి. స్పోర్లు కట్టని రకాలు చల్లదనానికి వారాల్లోనే చనిపోతాయి. వేరుచేసిన రోజే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 దగ్గర రెండు ట్యూబులు పెట్టండి. ప్రాజెక్టు చివర్లో పనికొచ్చే ఐసొలేట్‌ను చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎం.టి.సి.సి.లో డిపాజిట్ చేయమని మీ గైడ్‌ను అడగండి. కుప్ప దగ్గర తీసిన కొలతలు, 55 దగ్గర ఒకదాని మీద ఒకటి వేసిన ప్లేట్ల ఫోటోలు ఇక్కడ పెట్టండి, ఏ ఐసొలేట్‌తో ముందుకెళ్ళాలో కలిసి చూద్దాం.